నాలుగో అధ్యాయంలో మా అబ్బాయి

మార్చి 3

నా ఎమ్మే పరిశోధన మళ్లీ వెనక్కే వచ్చింది. ఈసారి ఎర్ర సిరా కూడా కాదు, పెన్సిలు. ఎర్ర సిరాతో కొట్టేస్తే కోప్పడిందని సరిపెట్టుకోవచ్చు. పెన్సిలుతో మెల్లగా అడుగుతుంది మా గైడు అర్చితా మేడమ్, పలక మీద అక్షరం దిద్దిస్తున్నట్టు. మొదటి పేజీ మీద, "దోలామణి బాబూ, ఈ అధ్యాయంలో ఊరు తక్కువ, మీరు ఎక్కువ" అని. మొత్తం నాలుగో అధ్యాయానికి ప్రాణం అనుకున్న వాక్యం దగ్గర, "'ఎన్నటికీ' అని ఎవరన్నారు?" అని.

ఎవరంటారు, నేనే అన్నాను. జరిగింది నాకు కనక.

మా క్లాసు పిల్లలంతా ఒడ్డున నిలబడి నీళ్ల లోతు రాసుకుంటున్నారు. నేను దిగాను. మాఘ పున్నమినాడు, నేను పరిశోధన చేసే ఊరైన కుసుమ్‌పాలి జగన్నాథుడి గుడి ముందు, స్వామి ప్రసాదం మెతుకులు నేను ఆ ఊరి నేతగాడొకాయన నోట్లో పెట్టాను, ఆయన నా నోట్లో పెట్టాడు. అప్పట్నుంచి ఆయన నాకు మహాప్రసాద్, నేను ఆయనకి మహాప్రసాద్. బతికున్నంతకాలం ఒకరి పేరు ఒకరం పలకకూడదు. ఇదిగో, ఇక్కడ కూడా రాయడం లేదు. నా డైరీ ఎవరు చదువుతారు కనక, అయినా రాయను.

నేను రాసిందల్లా ఇదీ: "మహాప్రసాద్ ముడి ఎన్నటికీ విడదు. రెండు ఇళ్లవాళ్లూ రక్తసంబంధీకులవుతారు. ఒకరి పిల్లలు రెండోవారి పిల్లలకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వారి మధ్య పెళ్లి ఊహించడానికి కూడా వీల్లేని పాపం." ఇందులో తప్పేముంది? ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. ఊళ్లో మగాళ్లందర్నీ అడిగాను. అందరూ ఇదే చెప్పారు.

భోజనాల దగ్గర కుంతళకి చెబితే, "మనుషుల గురించి తెలుసుకోడానికి యూనివర్సిటీ దాకా ఎందుకు, నాలుగు పెళ్లిళ్లకి వెళ్లి ఓ మూల కూచుంటే చాలదా?" అంది. పెళ్లాం మాటలు పట్టించుకుంటే ఎమ్మే అవుతుందా. కరెంటు స్తంభం మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని, ఉద్యోగం వదిలేసి, ఇంట్లో కూచుని డిగ్రీ పూర్తిచేసి, ఈ వయసులో కాలేజీ మెట్లెక్కాను. అన్నీ వదిలేసి మానవశాస్త్రమే ఎందుకని అందరూ అడుగుతారు. మనిషంటే నాకు ఆసక్తి అంటాను. సీట్లు మిగిలింది అందులోనే అని మాత్రం చెప్పను.

మార్చి 5

సమాజ సిద్ధాంతం పేపరు మార్కులు వచ్చాయి. గట్టెక్కాను. ఫ్రాన్సు దేశపు పెద్దమనిషెవరో అన్నదాన్ని ఇంగ్లీషులో చదివి, ఒడియాలో అర్థం చేసుకుని, మళ్లీ ఇంగ్లీషులో రాశాను. దారిలో ఎంత ఒలికిపోయిందో దిద్దినవాళ్లకే తెలియాలి.

మార్చి 8

కుసుమ్‌పాలి. నిరాకార్ బండి మీద దింపాడు. మోటారుసైకిళ్ల షోరూంలో మెకానిక్కుకి శనివారం ఎంత పనుంటుందో నాకు తెలుసు. అయినా సెలవు పెట్టి మరీ వస్తాడు. సంబల్‌పూర్ నుంచి ఇంత దూరం, ఈ ఎండలో. "నాన్నా, నీ చదువు పాడవకూడదు" అంటాడు. ఇన్నాళ్లకి ఇంట్లో ఒకడికైనా నా చదువు మీద గౌరవం కలిగింది.

మహాప్రసాద్ నన్ను చూడగానే మగ్గం గుంటలోంచి లేచి నిలబడ్డాడు. వద్దని చెప్పాలన్నా చెప్పకూడదు. ఆయన మర్యాద ఆయనది. మేమిద్దరం కూచుని ఒకరి క్షేమం ఒకరం అడిగాం. ఆయన వానలు ఎలా ఉన్నాయన్నాడు. మార్చిలో వానలేమిటి. నేను బాగున్నాయన్నాను.

ఇంతకు ముందు ఇలా ఉండేది కాదు. మొదటిరోజే అడిగాడు: "మీ శాస్త్రంలో నాలాంటివాణ్ని ఏమంటారు?"

"సమాచారదాత అంటారు."

"దాతనా! అయితే టీ డబ్బులు నువ్వే ఇయ్యి, దాత దగ్గర పుచ్చుకుంటున్నావుగా."

నా ముక్కు చూసి, ఈ ముక్కు నేతలో వస్తే చీర వెనక్కి కొట్టేస్తారు అనేవాడు. నేను ఆయన బట్టతల మీద నాలుగంటే ఆయన నా కుంటికాలి మీద ఎనిమిదనేవాడు. ఇప్పుడు మహాప్రసాద్ కదా. వేళాకోళం ఆడకూడదు, ఎదురు చెప్పకూడదు, ఏది అడిగినా లేదనకూడదు. దైవంతో సమానం. దైవం పక్కన కూచుంటే ఎంతసేపని కూచుంటాం.

ఇవాళ వంశవృక్షం పటం పూర్తిచేశాను. త్రికోణం మగ, సున్నా ఆడ. రెండిటి మధ్య జంట గీతలుంటే పెళ్లి. పైన కొక్కెంలా ఒక గీత వంగి ఇద్దర్నీ పట్టుకుంటే తోబుట్టువులు. వాళ్ల ఇంటి పక్కన మా ఇంటిని కూడా వేసి, రెండిళ్ల పిల్లల్నీ చుక్కల కొక్కెంతో కలిపాను. చూడముచ్చటగా వచ్చింది. మహాప్రసాద్ కూతురు లబంగలత అరుగు మీద కూచుని నూలు చిలపకి ముడులు కడుతోంది. ముడి వేసినచోట రంగు అంటదు, అదే పువ్వవుతుంది. పటం చూపించి ఎవరెవరు ఎక్కడున్నారో చెప్పాను.

"కాకా, ఈ త్రికోణం ఎవరు?"

"మావాడే. నిరాకార్. ఇప్పుడు నీకు అన్న."

చేతిలో దారం అలాగే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. పొయ్యి మీద రంగుకుండ ఉంది, పొంగుతుందని వెళ్లినట్టుంది.

తిరిగొచ్చేటప్పుడు నిరాకార్ దారంతా మాట్లాడలేదు. ఎండ దెబ్బ కావచ్చు.

మార్చి 9

నిరాకార్ అన్నం తినలేదు.

మార్చి 10

ఇవాళా తినలేదు. ముఖం చూస్తే జ్వరం లేదు. "ఏరా, ఎవరైనా బండి పాడుచేశావన్నారా?" అని అడిగితే నావైపు చూసి, "నాన్నా, ఆ ముడి కట్టేముందు ఇంట్లో ఒక్కమాట అడగాలని నీకు అనిపించలేదా?" అన్నాడు.

"నా పరిశోధన నాది. నిన్నడిగి చెయ్యాలా?"

"అవున్నాన్నా, నీ పరిశోధనే" అని లేచిపోయాడు.

కుంతళ వంటింట్లోంచి ఇదంతా వింది. గరిటె కింద పెట్టి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నీకు నిజంగా తెలీదా? నటిస్తున్నావా?"

"ఏంటి తెలీనిది?"

"వాడికీ ఆ పిల్లకీ నువాఖాయి పండగప్పట్నుంచి మాటలున్నాయి. నాకు దసరాకే చెప్పాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్తాం? 'సబ్మిట్ చేసేదాకా నన్నెవరూ కదిలించొద్దు' అని గోడకి కాగితం అంటించింది ఎవరు? సరే, పరీక్షలయ్యాక చెబుదాంలే అని తల్లీ కొడుకులం నోరు మూసుకున్నాం. మనవాళ్లే, గోత్రం వేరు, పిల్ల బంగారం, అడ్డేముంది అనుకున్నాం. ఈలోగా నువ్వెళ్లి వాళ్ల నాన్నతో మెతుకులు తినొచ్చావు. అది పిల్లల మీదకి వస్తుందని మొన్న ఆ పిల్ల వాడికి చెప్పేదాకా మాకు తెలీనే తెలీదు."

గోడ మీద కాగితం ఇంకా ఉంది. నా దస్తూరీ బాగుంటుంది.

మార్చి 11

నాలుగో అధ్యాయం మొదట్నుంచీ చదివాను. ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని. లేదు. చాలా గట్టిగా రాశాను.

మార్చి 13

మేడమ్ గదికి వెళ్లాను. నాకంటే పదిహేనేళ్లు చిన్నది, అయినా ఆమె ముందు కూచుంటే మా ఊరి బళ్లో బెంచీ మీద కూచున్నట్టే ఉంటుంది. సంగతి నాది కానట్టు మొదలుపెట్టాను.

"మేడమ్, ఒక సమాచారదాతకి ఇబ్బంది వచ్చింది. మహాప్రసాద్ కట్టుకున్నాడు. తర్వాత తెలిసిందేమంటే, ఆయన కొడుకూ, అవతలాయన కూతురూ..."

"ఆ సమాచారదాతకి యాభైనాలుగేళ్లుంటాయా?"

"ఉండొచ్చు."

"కాలు కొంచెం కుంటుతాడా?"

నేను ఫ్యాను వైపు చూశాను. మేడమ్ నవ్వలేదు, అదే నయం. టీ తెప్పించింది. "దోలామణి బాబూ, ఊళ్లో ఈ ముడి వదిలించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అడిగారా?"

"అడిగాను. ఎన్నటికీ విడదన్నారు."

"అది నియమం. నియమం ఎవర్నడిగినా చెప్తారు. నియమానికి అడ్డం వచ్చినప్పుడు ఏం చేశారన్నది కదా మనం చూడాల్సింది." కాసేపాగి అంది: "ఇంకో మాట. మీరు తండ్రిగా వెళ్తే తండ్రిగా వెళ్లానని రాయండి. విద్యార్థినని చెప్పి వెళ్లి తండ్రి పని చేసుకొస్తే మాత్రం నేను సంతకం పెట్టను. ఆ ముడి చెల్లదని తేలితే మీ అధ్యాయం పోతుంది, అది కూడా తెలుసుకుని వెళ్లండి. వచ్చే నెలాఖరుకి వైవా."

అంటే ముడి గట్టిదైతే ఎమ్మే నిలుస్తుంది, కొడుకు పెళ్లి పోతుంది. ముడి వదులైతే పెళ్లి నిలుస్తుంది, ఎమ్మే పోతుంది. ఇలాంటి ప్రశ్న పేపర్లో వస్తే వదిలేసి పక్క ప్రశ్న రాసేవాణ్ని.

మార్చి 15

ఈసారి బస్సులో వెళ్లాను. నిరాకార్ రాననలేదు, నేనే పిలవలేదు.

కుసుమ్‌పాలిలో సంగతి అప్పటికే తెలుసు. లబంగ వాళ్లమ్మకి చెప్పిందట, అమ్మ మొగుడికి చెప్పింది. మహాప్రసాద్ లేచి నిలబడ్డాడు, మళ్లీ గుంటలో కూచున్నాడు గానీ మగ్గం ఆడించలేదు. నేను దారి పొడవునా కూడబలుక్కున్న మాటలు గొంతు దాకా వచ్చాయి. నోరు తెరవబోయేలోగా ఆయనే అన్నాడు.

"అడగకు, మహాప్రసాద్."

"నేనింకా ఏమీ..."

"తెలుసు. నువ్వడిగితే నేను కాదనలేను. కాదంటే ముడి తెగినట్టు. ఔనంటే అన్నాచెల్లెళ్లకి పెళ్లి చేసినవాణ్నవుతాను. ఏది చేసినా జగన్నాథుడి ముందు తలెత్తలేను. అందుకని నువ్వు అడగనే అడగకు. నీ కాళ్లు పట్టుకుంటాను."

నిజంగానే పట్టుకోబోయాడు. నేను వెనక్కి జరిగాను. నా నాలుగో అధ్యాయంలో ఆయన ఒక వాక్యంలా కూచుని ఉన్నాడు. ఆ వాక్యం రాసింది నేను.

తర్వాత గోడవైపు చూస్తూ చెప్పాడు: "బర్‌పాలి నుంచి ఒక సంబంధం. వచ్చే ఆదివారం చూసుకోడానికి వస్తామన్నారు. రమ్మన్నాను."

పేరు పెట్టి పిలిచి రెండు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టడానికి కూడా వీల్లేదు మాకు.

మార్చి 16

నిరాకార్‌కి చెప్పాను. "సరే నాన్నా" అన్నాడు. వాడు ఎదురుతిరిగి అరిస్తే నాకూ అరిచే వీలుండేది.

మార్చి 18

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. నిన్నా అంతే.

మార్చి 19

పొద్దున్న కుంతళ మంచి చీర కట్టుకుని, గుడ్డసంచిలో మరమరాలూ బెల్లమూ పోసుకుని, చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?"

"కుసుమ్‌పాలి. నువ్వూ రా, బస్సు ఎక్కడ మారాలో నాకు తెలీదు."

"కుంతళా, అడగకూడదన్నాడు. చెప్పానుగా నీకు."

"నువ్వడగకూడదన్నాడు. నేనడిగితే ఏం? నేనేం తినలేదు."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. రెండేళ్లు చదివాను, థియరీ పేపర్లో గట్టెక్కాను, ఈ మాట నాకు తట్టలేదు.

మార్చి 20

నిన్న ఇంటికొచ్చేసరికి ఒంట్లో ఓపిక లేదు. ఇవాళ తీరిగ్గా రాస్తున్నాను, ఏదీ మర్చిపోకుండా.

మేం వెళ్లేసరికి ఇంట్లో నలుగురూ ఉన్నారు. మహాప్రసాద్, ఆయన భార్య ఖిరోద్రీ, లబంగ, మహాప్రసాద్ తల్లి బూఢీమా. బూఢీమా ఎండకి వడియాలు ఆరబెట్టుకుని కాకుల్ని తోలుతోంది. వయసెంతో ఆమెకీ తెలీదు, అడిగితే పెద్ద వరదకి ముందు అంటుంది. మహాప్రసాద్ కట్టుకున్నప్పట్నుంచి ఆమె నాకు అమ్మే. కాళ్లకి దండం పెట్టాను. "లే, లే. కాళ్లు తర్వాత. ఈవిడెవరు?" అంది.

"నా భార్య."

"ఇప్పుడా తీసుకొచ్చేది?"

కుంతళ సంచి దించి ఖిరోద్రీ పక్కన చాప మీద కూచుంది. ఏ మొహమాటం లేకుండా మొదలుపెట్టింది: "చూడమ్మా, మా వాడికి మీ పిల్లంటే ఇష్టం. మీ పిల్లకీ ఇష్టమేనని వాడు చెప్తున్నాడు. అది మీరే అడుగుదురు గాని. ఈ ఇద్దరు మగాళ్లూ ఏదో కట్టుకున్నారట, అందుకని ఈయన నోరెత్తకూడదట. నేను ఎత్తుతున్నాను."

మహాప్రసాద్ ఎర్రబడ్డాడు. "వదినగారూ, అది ఏదో కట్టుకోవడం కాదు. జగన్నాథుడి సాక్షిగా..."

"ఏరా," బూఢీమా కాకుల్ని వదిలేసి ఇటు తిరిగింది, "నీ పెళ్లాం ఈవిడకి చీర పెట్టిందా?"

"లేదమ్మా."

"ఈవిడ నీ పెళ్లానికి పెట్టిందా?"

కుంతళే జవాబిచ్చింది: "ఎక్కడమ్మా! ఈయన నాకు చెప్పిందే వారం పోయాక. అదీ వాళ్ల మేడమ్‌తో ఫోన్లో చెప్తుంటే విన్నాను."

"ఖిరోద్రీ, నీ చేతి వంట వీళ్లింటికి వెళ్లిందా? వీళ్ల వంట మనింటికొచ్చిందా?"

"రాలేదత్తా. నన్నెవరూ అడగలేదు. పున్నమి నాడు ఈయన గుడి నుంచి వచ్చి, ఇవాళ్టి నుంచి ఫలానా ఆయన నాకు మహాప్రసాద్, నువ్వు లేచి నిలబడు అన్నాడు. పొయ్యి మీద పప్పుంది. నేను నిలబడే ఉన్నాను."

బూఢీమా మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అయితే మీరేం కట్టారురా? గుడి దగ్గర ఇద్దరు మగాళ్లు ప్రసాదం తిన్నారు. రోజూ ఊరంతా తింటుంది."

"అమ్మా!" మహాప్రసాద్ గొంతు పెరిగింది. "నాన్న కట్టుకున్నప్పుడు ఇవన్నీ ఉన్నాయా? ఆయనా కొండమీది ఊరాయనా ఇద్దరే వెళ్లి కట్టుకొచ్చారని ఎన్నిసార్లు చెప్పావు నువ్వు?"

"చెప్పాను. ముందు రోజు రాత్రి మీ నాన్న నన్నడిగాడని చెప్పలేదు. నువ్వు అప్పటికి పుట్టలేదు, నీకేం తెలుసు? నేను సరేనన్నాకే వెళ్లాడు. ఆ కొండ ఊరావిడ నాకు పసుపురంగు చీర పెట్టింది, నేను ఆవిడకి నా చేత్తో ముడులు కట్టినది పెట్టాను. రెండు పొయ్యిలూ ఒకటైతేనే పిల్లలు తోబుట్టువులవుతారు. మీ ఇద్దరి నోళ్లూ ఒకటైతే అవరు."

"మరి స్వామి ప్రసాదం? తిన్నది వృథా అనమంటావా?"

"ప్రసాదం వృథా ఎందుకవుతుందిరా? ఆకలి తీరిందిగా. తొందరపడ్డాం అని స్వామికి చెప్పుకుని రా. ఆయనకి మీలాంటివాళ్లు కొత్త కాదు."

నా చేతిలో పెన్నుంది. జేబులో చిన్న నోటుపుస్తకం ఉంది. ఇదంతా బూఢీమాకి నిజంగా గుర్తున్నదా, లేక వడియాలు ఆరేలోపు అల్లినదా? అడగడం నా పని. రెండేళ్లుగా నేర్చుకున్నది అదొక్కటే. బూఢీమా నావైపు చూసింది, ఏం నాయనా, ఏమైనా అడుగుతావా అన్నట్టు. పెన్నుకి మూత పెట్టేశాను.

మహాప్రసాద్ వెళ్లి తల్లి పక్కన వడియాల దగ్గర కూచున్నాడు. తర్వాత లబంగని పిలిచి, "బర్‌పాలి వాళ్లని రావద్దని చెప్పమంటావా?" అన్నాడు.

పిల్ల తలుపు వెనకనుంచే అంది: "ఆయన పటంలో నన్ను ఆ కొక్కెం కింద వేలాడదీశాడు నాన్నా. అది చెరిపి జంట గీతలు పెట్టమను. తర్వాత మాట్లాడదాం."

ఖిరోద్రీ, కుంతళ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఇంకా వియ్యపురాళ్లు కూడా కాలేదు.

ఆయనా నేనూ గుడికి వెళ్లాం. ఎండలో, గొడుగు లేకుండా. స్వామి ముందు నిలబడి తొందరపడ్డామని చెప్పుకున్నాం, ఎవరికి వాళ్లం లోపల్లోపలే. బయటికి వచ్చి చెప్పులేసుకుంటూ ఆయన వంగినవాడు వంగినట్టే ఆగి, నావైపు చూడకుండా అన్నాడు:

"దోలామణీ."

"ఊఁ."

"నీ కొడుక్కి ముక్కు తల్లి పోలికేగా?"

"తల్లి పోలికే."

"అయితే పర్లేదు. మనవలు బతికిపోతారు."

రోడ్డు మీదే కూచుండిపోయాను. నవ్వా, ఏడుపా తెలీలేదు. "క్షేత్రబాసీ, నీ బట్టతల మీద ఎండ పడి నాకు కళ్లు మండుతున్నాయి, అంతే" అన్నాను. క్షేత్రబాసి. క్షేత్రబాసి మెహెర్. నెల్లాళ్లు నోటికి తాళం వేసిన పేరు.

మార్చి 21

నిరాకార్ నిన్న రాత్రి మూడోసారి అన్నం పెట్టించుకున్నాడు. కుంతళకి మళ్లీ పొయ్యి వెలిగించాల్సి వచ్చింది. తిట్టుకుంటూ వెలిగించింది, పాట పాడుకుంటూ వండింది.

మార్చి 27

నాలుగో అధ్యాయం చింపలేదు. చింపాలనుకున్నాను. మేడమ్ వద్దంది. "మొదట ఇలా అనుకున్నారు, తర్వాత ఇలా జరిగింది, రెండూ ఉంచండి. మీరు ఎక్కువున్నారన్నానని పూర్తిగా తప్పుకోకండి మరి" అంది. తండ్రిగా వెళ్లానని మొదటి పేరాలోనే రాశాను. అలా రాయడం అనుకున్నంత కష్టం కాలేదు.

"ముసలమ్మ చెప్పింది పాత ఆచారమేనా?" అని కూడా అడిగింది. అడగలేదన్నాను. పెన్సిలు తిప్పుతూ కాసేపు నన్ను చూసి, "ఎందుకు అడగలేదో అది రాయండి" అంది.

ఇంకా రాయలేదు.

ఏప్రిల్ 26

వైవా అయింది. ఒక గంట.

కటక్ నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన, చెవిలో వెంట్రుకలు. నా పుస్తకాన్ని ఒక వేలితో తెరిచి, రెండో వేలితో మూసి, మళ్లీ తెరిచాడు. మేడమ్ కిటికీ వైపు చూస్తూ కూచుంది. నా చొక్కా వీపు తడిసిపోయింది, ఆ గదిలో ఏసీ ఉంది.

"మీరే రాశారు, ముడి ఎన్నటికీ విడదని. మళ్లీ మీరే రాశారు, అసలు పడనే లేదని. ఏది నమ్మాలి?"

"రాసినప్పుడు రెండూ నమ్మాను సార్."

"పడలేదంటే, ఆ నెలరోజులూ మీరిద్దరూ మరి ఎవరు? మహాప్రసాద్‌లు కారు, వియ్యంకులు కారు. ఏ సంబంధం కింద రాసుకోవాలి?"

నోటికొచ్చింది చెప్పాను. "ఏ సంబంధమో తెలీదు సార్. ఆ నెలంతా మా ఇద్దరికీ నవ్వు లేదు. ముడి పడిందో లేదో గానీ, దాని బరువు మాత్రం మోశాం. బూఢీమా పడలేదన్నాక దిగింది. పడని దానికి అంత బరువెలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది ఇందులో లేదే" అన్నాడు, పుస్తకం తిరగేసి.

"లేదు సార్. ఇప్పుడే అన్నాను."

"ఒక పేరా కలపండి. నెలాఖరులోగా." బయటికి వచ్చాక మేడమ్ భుజం తట్టబోయి, నా వయసు గుర్తొచ్చి కాబోలు, నమస్కారం పెట్టింది. పాసయ్యాను. క్లాసు పిల్లలు నన్ను మౌసా అంటారు, పిన్ని మొగుణ్నన్నమాట. "మౌసా, పార్టీ! మౌసా, పార్టీ!" అని గోల చేసి బియ్యప్పిండి గారెల బండి దాకా ఈడ్చుకెళ్లారు. అందరికీ తినిపించాను. గారె వేడిగా ఉంది, నాలుక కాలింది, అయినా ఇంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

ఏప్రిల్ 29

ఇవాళ నిశ్చయ తాంబూలాలు, మా ఇంట్లోనే. వాకిట్లో షామియానా వేశారు. కుసుమ్‌పాలి నుంచి ట్రాక్టరు నిండా చుట్టాలు దిగారు. నేను వెనక గదిలో తలుపేసుకుని కూచున్నాను. పేరా రేపటిలోగా ఇవ్వాలి. ఇప్పుడు కూచోకపోతే ఇక కుదరదు.

బయట క్షేత్రబాసి గొంతు అప్పటినుంచీ వినిపిస్తూనే ఉంది. మా ఇంట్లో మంచినీళ్లు కూడా కుంటుతూ వస్తున్నాయట. పెళ్లికొడుకు తండ్రి ఎక్కడున్నాడు, దాక్కున్నాడా, చదువుకున్నవాళ్లంతా పెళ్లిళ్లప్పుడు పుస్తకాల వెనక దాక్కుంటారా అని ఊరందరికీ చెబుతున్నాడు. వియ్యంకుడయ్యాక ఆయనకి లైసెన్సు దొరికింది. మా ఆచారంలో వియ్యంకులు ఒకర్నొకరు ఎంత తిట్టుకుంటే అంత మర్యాద. ఇది మాత్రం ఆడవాళ్లనీ మగవాళ్లనీ అందర్నీ అడిగాను, ఎవరూ కాదనలేదు. లబంగ పసుపురంగు చీరలో ఉందని కుంతళ ఇప్పుడే తలుపు సందులోంచి చెప్పి వెళ్లింది. నిరాకార్‌కి చొక్కా గుండీలు పైదొకటి కిందదొకటి పెట్టుకోవడం తప్ప ఏం తెలీడం లేదట.

సరే, పేరా. మేడమ్‌కీ, కటక్ పెద్దాయనకీ.

"ముడి పడేది ఇద్దరు మనుషుల మధ్య కాదు, రెండు పొయ్యిల మధ్య అని ఆ ఇంటి పెద్దావిడ అన్నది. ఇది పాత ఆచారమో, ఆ పూటకి పుట్టిన మాటో నిర్ధారించుకోవడం పరిశోధకుడిగా నా బాధ్యత. ఆ ప్రశ్న నేను వేయలేదు. అవకాశం లేక కాదు. నా చేతిలో పెన్నుంది, ఆవిడ నావైపు చూస్తూనే ఉంది. వేయకపోవడానికి కారణం ఏమంటే, ఆ మాట నిజమో కాదో తెలుసుకోవడం కంటే నాకు ఆ క్షణాన

"ఒరే ముక్కుడూ! బయటికి వస్తావా, తలుపు పీక్కుని వెళ్లి మగ్గానికి వేసుకోమంటావా?"

వస్తున్నానయ్యా, ఒక్క వాక్యం, ఒకే ఒక్క వా